దివానియా గుమ్మం దగ్గరే ఆగిపోయిన ఓటు

రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ కువైట్‌లో ఓ కువైటీ ఇంట్లో పదకొండేళ్లుగా వంట చేస్తున్న ఒకావిడ నాకు బాగా తెలుసు. ఎన్నికల మాటెత్తితే ఆవిడకు ముందు గుర్తొచ్చేది ఇస్తికానలు, అంటే ఇక్కడివాళ్లు చాయ్ తాగే చిన్న గాజు గ్లాసులు. "ఆ నెలంతా నిద్రుండదక్కా. రాత్రి రెండింటి దాకా దివానియాకి జనం వస్తానే ఉంటారు. మేం ట్రే గుమ్మం దాకా తెచ్చి డ్రైవర్ చేతికిస్తాం. మామా కూడా ఆ గదిలోకి పోదు" అంది. దివానియా అంటే ఇక్కడి ఇళ్లలో మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే గది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. కాలేజీలో పాఠాలు చెబుతారు. ఆమెకు ఓటుంది. ఆ ఓటు ఎవరికి పడాలో ఇంటి మగవాళ్లు, చుట్టాలు, తెగ పెద్దలు కూర్చుని మాట్లాడుకునే గది ఆమె ఇంట్లోనే ఉంది. అందులో ఆమెకు చోటు లేదు.

"ముస్లిం దేశం కదా, అంతేలే" అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ ఉంటున్నదాన్ని, ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ ముస్లిం దేశాలే. రెండు చోట్లా ఆడవాళ్లు ప్రధానమంత్రులయ్యారు, పార్లమెంటులో వాళ్లకు విడిగా సీట్లున్నాయి. కువైట్‌కు సరిహద్దులో ఉన్న ఇరాక్ అయితే పావు వంతు సీట్లకు తగ్గకూడదని రాజ్యాంగంలోనే రాసుకుంది. కువైట్ మాత్రం ఓటు ఇచ్చి ఊరుకుంది.

ఆ ఓటు కూడా ఊరికే రాలేదు. 1962 ఎన్నికల చట్టం మగవాళ్లకే ఓటని చెప్పింది. 1990లో ఇరాక్ సైన్యం దేశాన్ని ఆక్రమించినప్పుడు ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయినా యుద్ధం అయ్యాక ఓటు రాలేదు. 1999లో దేశాన్ని ఏలే అమీర్ షేక్ జాబర్ స్వయంగా ఉత్తర్వు ఇస్తే పార్లమెంటు కొట్టేసింది, ఆ వెంటనే అదే కోరుతూ వచ్చిన బిల్లునూ 32-30తో ఓడించింది. రెండే ఓట్ల తేడా! చివరికి ఆడవాళ్లు నీలిరంగు బట్టలు కట్టుకుని పార్లమెంటు ముందు నిలబడి అడిగాక, 2005 మే 16న 35-23తో బిల్లు గట్టెక్కింది. ఆ మరుసటి నెలలోనే మసూమా అల్ ముబారక్ దేశంలో తొలి మహిళా మంత్రి అయ్యారు.

2006లో తొలిసారి పోటీ చేసిన ఆడవాళ్లలో ఒక్కరూ గెలవలేదు. 2009 మే 16న, సరిగ్గా ఓటు వచ్చిన తేదీనే, నలుగురు గెలిచారు: మసూమా, అసీల్ అల్ అవధి, రోలా దష్తీ, సల్వా అల్ జస్సార్. మర్నాడు ఆదివారం ఆఫీసుకు వెళ్లేసరికి మా సెక్షన్‌లోని కువైటీ అమ్మాయి పెద్ద పళ్లెం నిండా మిఠాయిలు పెట్టుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి. "మా అమ్మమ్మకు ఈ రోజు చూపించలేకపోయాను" అంటూ నా నోట్లో ఒక ముక్క పెట్టింది. అసీల్, రోలా తలమీద హిజాబ్ లేకుండా సభలో కూర్చోవడం చెల్లదని ఎవరో కోర్టుకు వెళ్తే, అదే ఏడాది రాజ్యాంగ న్యాయస్థానం వాళ్లవైపే తీర్పిచ్చింది. ఇక వెనక్కి చూసే పనిలేదని అందరం అనుకున్నాం.

2012 ఫిబ్రవరిలో మళ్లీ సున్నా. అదే ఏడాది డిసెంబరులో, ప్రతిపక్షం ఎన్నికలను బహిష్కరించినప్పుడు, ముగ్గురు. 2016లో ఒక్కరు. 2020లో సున్నా. 2022లో ఇద్దరు, 2023లోనూ 2024లోనూ జనాన్ బుషెహ్రీ ఒక్కరే. మొత్తం 50 సీట్లు. ఓటర్లలో సగానికి పైగా ఆడవాళ్లు.

లెక్క ఎక్కడ తప్పుతోందో చూడండి. ఐదు నియోజకవర్గాలు, ఒక్కోదానికి 10 సీట్లు. మొదట్లో ఓటరుకు నాలుగు ఓట్లుండేవి. మూడు తెగకో బంధువులకో వేసినా నాలుగోది మనసుకు నచ్చిన మనిషికి వేసే వీలుండేది. అయినా గెలుపు ఖాయం కాదు, 2012 ఫిబ్రవరి అందుకు సాక్ష్యం. కానీ ఆ సందు ఒకటి ఉండేది. 2012 డిసెంబరు నుంచి మనిషికి ఒకటే ఓటు. ఆ ఒక్క ఓటు ఇంటిపేరును దాటి వెళ్లడం ఎంత కష్టమో మన ఊళ్లలో పెరిగినవాళ్లకు వేరే చెప్పాలా? తెగలు ముందే లోపల్లోపల ఓటింగ్ పెట్టుకుని తమ అభ్యర్థిని తేల్చుకోవడాన్ని చట్టం నిషేధించింది, అయినా జరుగుతూనే వచ్చింది. అక్కడ ఆడపేరు పైకి రాదు.

మనకు ఓటు లేదు, మనకెందుకు ఈ గొడవ అంటారేమో. 2016లో గెలిచిన ఆ ఒక్క మహిళ సఫా అల్ హషేమ్. ప్రవాసుల మీద ఫీజులు పెంచాలని, ఇంటికి పంపే డబ్బు మీద పన్ను వేయాలని సభలో గట్టిగా వాదించినవారు ఆమే. ఆ రోజుల్లో మా బిల్డింగ్‌లో అందరికీ ఒకటే టెన్షన్. నాకూ మనసు విరిగింది. అయినా చెబుతున్నాను, ఆమె ఆ కుర్చీలో కూర్చోవడం న్యాయమే. మనకు మేలు చేసే ఆడవాళ్లే గెలవాలని షరతు పెట్టడానికి మనమెవరం? మగ సభ్యులకు ఎవరూ ఆ షరతు పెట్టలేదు. పదిమంది ఉంటే పది రకాల గొంతులుంటాయి. విదేశీయుణ్ణి పెళ్లాడిన కువైటీ తల్లి పిల్లలకు మామూలుగా ఆమె పౌరసత్వం రాదు. ఆ చట్టాన్ని పట్టుకుని వదలకుండా అడిగేవాళ్లు ఆ పదిమందిలో ఉంటారు. వంటింట్లో పనిచేసే మనవాళ్ల సెలవు గురించి అడిగేవాళ్లూ ఉండొచ్చు.

2024 మే 10న అమీర్ సభను రద్దు చేసి, నాలుగేళ్లకు మించకుండా రాజ్యాంగంలో కొన్ని అధికరణాలను పక్కన పెట్టారు. మిఠాయి తెచ్చిన ఆ అమ్మాయి ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లల తల్లి. మా ఊరి పంచాయతీ గురించి ఒకసారి అడిగింది. సగం పదవులు ఆడవాళ్లకేనని చెప్పాను. కొన్నిచోట్ల భర్తలే పెత్తనం చేస్తారని కూడా దాచకుండా చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి రెండోసారి గెలిచినావిడ కూడా భర్తనే పంపిస్తుందా?" అంది. లేదు, మా మేనత్త రెండోసారి తనే వెళ్లింది, బోరు మోటారు బిల్లు కోసం మండలాఫీసులో రోజంతా కూర్చుంది.

సభ మళ్లీ తెరుచుకున్న రోజున నియోజకవర్గానికి 10 సీట్లలో కనీసం రెండు ఆడవాళ్లకని రాయాలి. మొత్తం పది. ఆ పది సీట్లకు పేర్లు కావాలంటే దివానియాలో కూర్చున్న పెద్దలు లేచి, ఇంట్లోవాళ్లను అడగక తప్పదు.