ఆటగాడిది ఏ దేశం? యూరప్ లీగుల్లో ఒక్కో రూలుకు ఒక్కో జవాబు

ఎరిక్ డయర్ 2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ తరఫున ఆడాడు. కొలంబియాపై షూటౌట్‌లో గెలుపు పెనాల్టీ కొట్టింది అతడే. అయినా లండన్ క్లబ్బు టోటెన్‌హామ్ ఇంగ్లండ్ అగ్ర లీగైన ప్రీమియర్ లీగ్‌కు ఇచ్చిన 25 మంది జాబితాలో అతడు ‘హోంగ్రోన్’ (స్థానికంగా తయారైనవాడు) కాదు. చిన్నప్పుడే కుటుంబంతో పోర్చుగల్ వెళ్లి స్పోర్టింగ్ లిస్బన్ అకాడమీలో ఆట నేర్చుకున్నాడు మరి. సెస్క్ ఫాబ్రెగాస్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడింది. స్పెయిన్‌తో 2010 ప్రపంచకప్ గెలిచినవాడే, కానీ 2003లో 16 ఏళ్లకే బార్సిలోనా నుంచి ఆర్సెనల్‌కు వచ్చేశాడు. అందుకే 2014లో చెల్సీలో చేరినప్పుడు హోంగ్రోన్ లెక్కలోకి వచ్చాడు. 21 ఏళ్లు నిండేలోగా మూడు సీజన్లు ఇంగ్లండ్ లేదా వేల్స్ సంఘం కింది క్లబ్బులో రిజిస్టర్ అయి ఉండాలన్నదే ఆ రూలు. పాస్‌పోర్టు ప్రస్తావన అందులో లేదు.

ప్రతి సీజన్‌కూ ఏ లీగ్‌లో ఎంతమంది విదేశీయులన్న పట్టికలు వస్తుంటాయి. ప్రీమియర్ లీగ్‌లో మూడింట రెండు వంతుల దాకా బయటివాళ్లే, స్పెయిన్ లీగ్ లాలిగాలో సగానికి పైగా సొంతవాళ్లే అని చెబుతుంటాయి. ఆ అంకెలు తప్పు కాదు. కాకపోతే అవి లెక్కపెట్టేది పేరు పక్కనున్న జెండాను. ఆ జెండా చాలాసార్లు ఆటగాడు ఎంచుకున్న జాతీయ జట్టును మాత్రమే చూపిస్తుంది. అతడి చేతిలో ఏయే పాస్‌పోర్టులున్నాయి, ఆట ఎక్కడ నేర్చాడు, సీజన్‌లో ఎన్ని నిమిషాలు మైదానంలో ఉన్నాడు అన్నవి అందులో కనిపించవు. క్లబ్బులు కొనుగోళ్లు చేసేది మాత్రం వీటిని చూసుకునే.

అథ్లెటిక్ బిల్బావోను చూడండి. ఉత్తర స్పెయిన్‌ వైపున్న బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్లనో, అక్కడ ఆట నేర్చినవాళ్లనో తప్ప ఇంకెవర్నీ తీసుకోని క్లబ్బు అది. ఆ క్లబ్బులోని ఇనాకి విలియమ్స్ పుట్టింది బిల్బావోలోనే. తల్లిదండ్రులది ఘనా కాబట్టి 2022 ప్రపంచకప్‌లో ఆ దేశానికి ఆడాడు. తమ్ముడు నికో స్పెయిన్‌ను ఎంచుకుని యూరప్ దేశాల కప్పు యూరో 2024 ఫైనల్లో గోల్ కొట్టాడు. ఒకే ఇల్లు, ఒకే క్లబ్బు. పట్టికలో మాత్రం అన్న విదేశీయుడు, తమ్ముడు స్వదేశీయుడు.

ఈ చిక్కు మొదలైంది 1995 డిసెంబర్ 15న వచ్చిన ఒక కోర్టు తీర్పుతో. అప్పటిదాకా యూరప్ కప్పుల్లో ‘మూడు ప్లస్ రెండు’ రూలు ఉండేది: ముగ్గురు విదేశీయులు, వారికి తోడు ఆ దేశంలో ఐదేళ్లు ఆడిన మరో ఇద్దరు. ఇంగ్లిష్ క్లబ్బులకు స్కాట్లాండ్, వేల్స్ ఆటగాళ్లు కూడా విదేశీయులే. 1994 నవంబర్‌లో బార్సిలోనాతో మ్యాచ్‌కు మాంచెస్టర్ యునైటెడ్ తన మొదటి గోల్‌కీపర్ పీటర్ ష్మైకెల్‌ను ఈ లెక్క కుదరకే పక్కన పెట్టి 0-4తో ఓడింది. బెల్జియంలోని లీజ్ క్లబ్బు నుంచి ఫ్రాన్స్‌లోని డన్‌కిర్క్‌కు వెళ్లనివ్వలేదని జాన్ మార్క్ బోస్మన్ వేసిన కేసులో యూరప్ న్యాయస్థానం ఆ కోటాను యూరోపియన్ యూనియన్ (ఈయూ) పౌరుల విషయంలో కొట్టేసింది. కాంట్రాక్టు ముగిశాక బదిలీ ఫీజు అడగకూడదనీ తేల్చింది. నాలుగేళ్లకు, 1999 డిసెంబర్ 26న, చెల్సీ ఒక్క బ్రిటిష్ ఆటగాడూ లేని పదకొండుమందితో సౌతాంప్టన్‌పై దిగింది. 2001లో జర్మనీలో ఎనర్జీ కాట్‌బుస్ పదకొండుమందీ విదేశీయులే ఉన్న జట్టును ఆడించింది.

అప్పట్నుంచి గీత దేశాల మధ్య లేదు, ఈయూ పాస్‌పోర్టు ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఉంది. ఆ గీతను ఎలా దాటాలన్నది ఒక్కో దేశపు పౌరసత్వ చట్టం తేలుస్తుంది. స్పెయిన్‌లో ఇది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. లాలిగా క్లబ్బు ముగ్గురు ఈయూయేతర ఆటగాళ్లనే రిజిస్టర్ చేసుకోవచ్చు. కానీ స్పెయిన్ చట్టం ప్రకారం లాటిన్ అమెరికా దేశాలవాళ్లు రెండేళ్లు చట్టబద్ధంగా నివసిస్తే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. మిగతావాళ్లలో ఎక్కువమందికి పదేళ్లు పడుతుంది. 2018లో రియల్ మాడ్రిడ్‌కు వచ్చిన వినిసియస్ జూనియర్ 2022లో స్పెయిన్ పౌరుడయ్యాడు. వెంటనే ఒక ఖాళీ తెరుచుకుంది. అంటే బ్రెజిల్ కుర్రాడు ఆ స్థానాన్ని కొన్నేళ్లే వాడుకుంటాడు, తర్వాత అది ఇంకొకరికి వెళ్తుంది. తాతల నాటి ఇటలీ మూలాలున్న అర్జెంటీనా ఆటగాళ్లు చాలామంది పాస్‌పోర్టు చేతిలో పెట్టుకునే దిగుతారు. ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలతో ఈయూ 2000లో కుదుర్చుకున్న కొటోను ఒప్పందం వల్ల ఆ దేశాల ఆటగాళ్లు చాలా ఏళ్లు కోటాలోకి రాలేదు. ఇక మిగిలింది ఎవరు? టకెఫుసా కుబో లాంటి జపాన్ ఆటగాడు. అతడి కోసం క్లబ్బు మూడింట్లో ఒక స్థానాన్ని ఏళ్ల తరబడి ఖర్చు పెట్టాలి. స్పెయిన్‌లో ఆసియా ఆటగాళ్లు తక్కువంటే ప్రతిభ లేదని తేల్చేసేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి.

ఇటలీలో ఈ పాస్‌పోర్టు విలువే 2001లో నకిలీ పత్రాల కుంభకోణానికి దారితీసింది. ఇంటర్ ఆటగాడు అల్వారో రెకోబా నిషేధానికి గురయ్యాడు. ఫ్రాన్స్‌లో పరిమితి నాలుగు. జర్మనీ 2006లో ఈయూయేతర పరిమితిని ఎత్తేసి, కాంట్రాక్టులో 12 మంది జర్మన్లు ఉండాలంది.

ఇంగ్లండ్ దారి బ్రెగ్జిట్‌తో మారింది. 2021 జనవరి నుంచి బయటి దేశాల ఆటగాళ్ల వర్క్ పర్మిట్‌కు పాయింట్ల పద్ధతి వచ్చింది. జాతీయ జట్టు మ్యాచ్‌లు, ఆడిన లీగ్ స్థాయి, క్లబ్బులో ఆడిన నిమిషాలు కలిపి 15 పాయింట్లు రావాలి. 18 ఏళ్లలోపు వాళ్లను విదేశాల నుంచి తెచ్చుకోవడం కుదరదు. అంటే ఇంకో ఫాబ్రెగాస్ 16 ఏళ్లకు లండన్ రాలేడు. పాయింట్లు చాలనివాళ్లకు క్లబ్బులు పక్కదారి వెతికాయి. బ్రైటన్ 2021లో జపాన్ ఆటగాడు కావోరు మిటోమాను కొని నేరుగా బెల్జియంలోని యూనియన్ సాంజిల్వాజ్‌కు అప్పుగా పంపింది. అక్కడ ఒక సీజన్ ఆడాక ఇంగ్లండ్ తలుపు తెరుచుకుంది. ఈక్వడార్ ఆటగాడు మోయిసెస్ కైసెడోను కూడా అదే ఏడాది బెల్జియంలోని బేర్‌షాట్‌కు పంపింది.

విదేశీయులు ఎక్కువైతే జాతీయ జట్టు చస్తుందన్న మాట నాకు మింగుడుపడదు. పెద్ద లీగుల్లో సొంతవాళ్లకు అతి తక్కువ చోటు ఇచ్చే దేశాల్లో ఒకటైన ఇంగ్లండ్ వరుసగా రెండు యూరోల ఫైనల్స్‌కు వెళ్లింది. కారణం 2012లో అమల్లోకి వచ్చిన అకాడమీ ప్రణాళిక. శిక్షణ గంటలు పెంచి, అకాడమీలను శ్రేణులుగా విడదీసింది. దాని ఫలితాన్ని మన దేశం కళ్లారా చూసింది: 2017లో కోల్‌కతాలో అండర్-17 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ 5-2తో స్పెయిన్‌ను ఓడించింది. టోర్నీలో ఉత్తమ ఆటగాడు ఫిల్ ఫోడెన్. ఇటలీ కూడా విదేశీయులతో నిండిన లీగే. కానీ 2018, 2022 ప్రపంచకప్‌లకు అర్హత పొందలేదు. రెండు లీగుల్లోనూ విదేశీయులున్నారు. ఒకచోట అకాడమీ మారింది.

హోంగ్రోన్ రూలులో అసలు లోపం ఒకటుంది. అది జాబితాలో పేరు అడుగుతుంది, మైదానంలో నిమిషాలు అడగదు. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఏఫా పోటీల్లో 25 మందిలో ఎనిమిది స్థానాలు స్థానికంగా తయారైనవాళ్లవి. దొరక్కపోతే ఆ స్థానాలు ఖాళీగా వదలాలి. కాబట్టి క్లబ్బు మూడో గోల్‌కీపర్‌తో, బెంచ్ మీది సీనియర్‌తో వాటిని నింపుతుంది. 19 ఏళ్ల కుర్రాడికి ఒరిగేదేమీ లేదు. 2023లో ఇంగ్లండ్ తెచ్చిన మార్పు దీనికంటే తెలివైంది: పాయింట్లు చాలని నలుగురి దాకా తీసుకోవచ్చు, కానీ ఎంతమందినన్నది ఆ క్లబ్బు ఇంగ్లిష్ ఆటగాళ్లకు ఇచ్చిన నిమిషాలను బట్టి ఉంటుంది. మిగతా లీగులూ ఈ దారికి రావాలి.

బ్రిటన్‌లోని తెలుగు కుటుంబాల పిల్లలకూ ఈ రూల్స్ తగులుతాయి. లెస్టర్ అకాడమీలో పెరిగిన హమ్జా చౌధురి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంచుకునే బంగ్లాదేశ్ పాస్‌పోర్టు తీసుకుని, 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మన జట్టుపైనే మొదటి మ్యాచ్ ఆడాడు. మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు. అక్కడి అకాడమీలో ఎదిగిన మన కుర్రాడు భారత్‌కు ఆడాలంటే బ్రిటిష్ పాస్‌పోర్టు వదులుకోవాలి. వదిలితే తాను పెరిగిన లీగ్‌లోనే వర్క్ పర్మిట్ పాయింట్లు లెక్క చూసుకోవాలి. ర్యాంకుల్లో మొదటి 50 దేశాల జాతీయ జట్టు మ్యాచ్‌లకే అందులో నేరుగా అనుమతి దొరుకుతుంది. 100కు దిగువనున్న మన జట్టుకు ఆడిన మ్యాచ్‌లు అక్కడ అతడికి పెద్దగా అక్కరకు రావు.