సవరణ: ఆటోక్యాడ్‌లో పారామెట్రిక్ ఉంది

మొన్న కడపలో ఒక ఇంటికి గీసిన బండల అల్మారా డ్రాయింగ్ పెడుతూ, "ఆటోక్యాడ్‌లో పారామెట్రిక్ కుదరదు, కొలత మారితే మళ్లీ గీసుకోవాల్సిందే" అని రాశాను. అది తప్పు. పారామెట్రిక్ అంటే ఒక కొలత మారిస్తే దానికి ముడిపడిన గీతలు వాటంతటవే మారడం. కంప్యూటర్‌లో డ్రాయింగ్‌లు గీసే ఈ ఆటోక్యాడ్‌లో 2010 వెర్షన్ నుంచే పారామెట్రిక్ ట్యాబ్ ఉంది. దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ వాళ్ల సహాయ పేజీలు చదివి, అదే డ్రాయింగ్ మీద చేసి చూశాను.

మామూలు డైమెన్షన్ గీత పొడవును చూపిస్తుంది, అంతే. డైమెన్షనల్ కన్‌స్ట్రెయింట్ (గీతకు కట్టే కొలత నియమం) అయితే గీతనే కదిలిస్తుంది. నేను గమనించనిది ఈ తేడానే. అల్మారా వెడల్పు డి1, నిలువు బండ దూరం డి2. ఈ కొలతల పట్టిక ఉండే పారామీటర్స్ మేనేజర్‌లో డి2కి డి1/3 అని రాశాను. డి1లో 1800 తీసి 2100 కొట్టగానే డి2 600 నుంచి 700 అయి, బండ దానంతటదే జరిగింది. ముందుగా మూలల్ని కోయిన్సిడెంట్‌తో (రెండు గీతల చివర్లను ఒకే చోట కట్టేసే నియమంతో) కలపడం మరవద్దు, లేకపోతే ఒక గీత జరిగి పక్కది అక్కడే ఉండిపోతుంది.

ఇదంతా 2డీ గీతలకే. 3డీ భాగంలో పాత కొలతకు వెనక్కి వెళ్లి మార్చాలంటే ఫ్రీక్యాడ్ (ఉచిత 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) లాంటిదే మేలన్న మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను. నా మాట నమ్మి ఆటోక్యాడ్ పక్కన పెట్టిన డిప్లొమా పిల్లలు ఆ ట్యాబ్ ఒకసారి తెరిచి చూడండి.