సవరణ: రోమ్‌లో ఏది ఉచితం, ఏది కాదు

రోమ్ గురించి నేను ఇంతకుముందు పెట్టిన పోస్టులో, పురాతన రోమన్ గుడి అయిన పాంథియాన్‌కు, వాటికన్ మ్యూజియాలకు నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం అని, మిగతా రోజుల్లో కూడా పాంథియాన్‌కు టికెట్ లేదని ఉంది. రెండు చోట్లా మార్పు అవసరం.

పాంథియాన్‌కు 2023 జులై నుంచి టికెట్ ఉంది. 5 యూరోలతో మొదలైంది, వెళ్లే ముందు ధర చూసుకోండి. 18 ఏళ్ల లోపు వారికి ఉచితం. మొదటి ఆదివారం నిజంగానే ఉచితం, కానీ ఆ రోజు క్యూ చూస్తే డబ్బులిచ్చి ఇంకో రోజు రావడమే మేలనిపిస్తుంది. వాన పడుతుంటే మాత్రం వదలకండి: గోపురం నడినెత్తిన తెరిచి ఉంచిన కంతలోంచి చినుకులు లోపలే పడతాయి, నేలలోని రంధ్రాల గుండా నీళ్లు బయటకు పోతాయి. ముఖద్వారం మీద అక్కడ మొదటి గుడి కట్టించిన అగ్రిప్పా పేరున్నా, ఇప్పుడున్న కట్టడం హేడ్రియన్ చక్రవర్తి కాలం నాటిది.

వాటికన్ వేరే దేశం, లెక్కా వేరే. అక్కడి మ్యూజియాలు ఉచితంగా తెరిచేది నెలలో చివరి ఆదివారం. మిగతా ఆదివారాలు మూసే ఉంటాయి. పక్కనే ఉన్న సెయింట్ పీటర్స్ చర్చికి టికెట్ లేదు, గోపురం ఎక్కడానికి ఉంది.

ఇంకొకటి: స్పానిష్ స్టెప్స్ మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తినమన్న సలహా తీసేశాను. 2019 నుంచి ఆ మెట్ల మీద కూర్చుంటే జరిమానా!