ఇంటిలోనే పరాయివాళ్లు: 1898లో అమెరికా నిజంగా ఏం మార్చుకుంది?

ఎంబీబీఎస్ చదువుకోసం ఫిలిప్పీన్స్ వెళ్లే పిల్లలు తెలుగు రాష్ట్రాల్లో చాలామందే ఉన్నారు. దావావో అనే ఊరి పేరు మన కన్సల్టెన్సీల ప్రకటనల పుణ్యమా అని ఇక్కడి తల్లిదండ్రులకు కూడా పరిచయమైపోయింది. ఆ ప్రకటనల్లో ఊరించే మాటలు రెండు: ఇంగ్లిషులో బోధన, అమెరికా తరహా పాఠ్యక్రమం. స్పెయిన్ 300 ఏళ్లకు పైగా ఏలిన దీవుల్లో స్పానిష్ కాకుండా ఇంగ్లిషు ఎందుకు పాతుకుపోయిందని అడిగేవాళ్లు తక్కువ. 1901 ఆగస్టులో 'థామస్' అనే అమెరికా సైనిక రవాణా ఓడ దాదాపు 500 మంది ఉపాధ్యాయులను మనీలాలో దించింది. నెల తిరిగిన కొద్ది రోజులకే, సెప్టెంబరు 28న, సమర్ దీవిలోని బలంగిగా అనే ఊళ్లో గ్రామస్థులు తిరగబడి అమెరికన్ సైనికులను చంపారు. దానికి బదులుగా ఆ దీవిని తగలబెట్టమని ఆదేశించిన జనరల్ జేకబ్ స్మిత్, ఆయుధం పట్టగల వయసు పదేళ్లని లెక్కకట్టాడు. పలకలు మోసుకొచ్చిన చెయ్యీ, కాగడా పట్టిన చెయ్యీ ఒక్క ప్రభుత్వానివే.

యూరప్ గొడవలు మనకెందుకని ఒక శతాబ్దం పాటు తన పని తాను చూసుకున్న దేశం అక్కడిదాకా ఎలా వెళ్లింది? పాఠ్యపుస్తకాల్లో దీనికి తేలికైన సమాధానం ఉంటుంది. 1898 దాకా ఏకాంతవాదం, అప్పుడొక ఓడ పేలింది, ఆ తర్వాత సామ్రాజ్యవాదం. ఈ కథను నేను నమ్మను. మలుపు ఉన్నమాట నిజమే కానీ, అది వీళ్లు చూపించే చోట లేదు.

శాశ్వత కూటముల జోలికి పోవద్దని జార్జి వాషింగ్టన్ 1796లో చెప్పాడు. ఏ కూటమి చిక్కుల్లోనూ ఇరుక్కోబోమని 1801లో జెఫర్సన్ చెప్పాడు. ఆ జెఫర్సనే రెండేళ్లు తిరిగేసరికి ఫ్రాన్స్ నుంచి లూసియానాను కోటిన్నర డాలర్లకు కొని దేశ విస్తీర్ణాన్ని రెట్టింపు చేశాడు. ఆ భూమి మీద అప్పటికే బతుకుతున్న ఆదివాసులను ఎవరూ అడగలేదు. తర్వాత టెక్సాస్ వచ్చి కలిసింది. 1846-48 యుద్ధం ముగిసేసరికి, టెక్సాస్‌తో కలిపి చూస్తే, మెక్సికో తన భూమిలో దాదాపు సగం పోగొట్టుకుంది. 1853లో అమెరికా నౌకాదళ అధికారి పెర్రీ ఫిరంగి ఓడలతో జపాన్ వాకిట నిలబడ్డాడు. 1867లో అలాస్కా. తూర్పు కిటికీ బిగించుకుని పడమటి తలుపు బార్లా తెరిచిన ఇంటిని ఏకాంతంలో ఉన్న ఇల్లు అనలేం కదా.

అయితే ఆ విస్తరణకు, కనీసం తెల్లవారి విషయంలో, ఒక కట్టుబాటు ఉండేది. 1787 నాటి వాయవ్య ప్రాంత శాసనం ప్రకారం కొత్తగా చేరిన నేల మొదట 'టెరిటరీ' అవుతుంది, జనాభా పెరిగాక మిగతావాటితో సమానమైన రాష్ట్రం అవుతుంది. ఒహాయో అలా వచ్చిందే. కాలిఫోర్నియా టెరిటరీ దశ దాటకుండానే రాష్ట్రమైంది. కొత్తగా వచ్చిన నేల ఎప్పటికైనా సొంతిల్లే అవుతుందని అందరూ అనుకునేవారు. ఈ కట్టుబాటును గుర్తుంచుకోవాలి, అసలు విషయమంతా దానిలోనే ఉంది.

1890 జనగణన తర్వాత, పడమటికి సాగే తెల్లవారి వలసలకు సరిహద్దు రేఖ అనదగింది ఇక మిగలలేదని లెక్కల అధికారులు ప్రకటించారు. అదే ఏడాది డిసెంబరులో వూండెడ్ నీ దగ్గర లకోటా ఆదివాసులను సైన్యం ఊచకోత కోసింది. అదే ఏడాది మహన్ అనే నౌకాదళ అధికారి, సముద్రాన్ని ఏలినవాడిదే లోకమని వాదిస్తూ రాసిన పుస్తకం వెలువడింది. 1893లో బ్యాంకులు కూలి, మిల్లులు మూతపడి, మన సరుకుకు బయటి బజార్లు కావాలన్న గోల మొదలైంది. చైనాకు సరుకు చేరాలంటే ఆవిరి ఓడలు కావాలి. ఆవిరి ఓడకు దారిపొడవునా బొగ్గు నింపుకునే రేవులు కావాలి. పటం ముందేసుకుని హొనొలులు, గువామ్, మనీలాల మీదుగా గీత గీస్తే మిగతాది అర్థమవుతుంది.

ఇదంతా విధిలిఖితమా అంటే కాదనడానికి హవాయి సాక్ష్యం. అక్కడి చక్కెర తోటల యజమానులకు అమెరికా మార్కెట్టులో ఉన్న రాయితీ విలువ 1890 సుంకాల చట్టంతో పోయింది. ఆ చట్టానికి కాంగ్రెసు సభ్యుడు విలియం మెకిన్లీ పేరే పెట్టారు. అమెరికాలో కలిసిపోతే సుంకం బాధే ఉండదన్నది తోటల వాళ్ల లెక్క. 1893 జనవరి 16న అమెరికా నౌకాసైనికులు హొనొలులులో దిగారు, మర్నాడు లిలియుఒకలాని రాణిని గద్దె దింపారు. విలీన ఒప్పందం సెనేటు ముందుకు కూడా వచ్చింది. అంతలో అధ్యక్షుడైన గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఆ ఒప్పందాన్ని వెనక్కి తీసుకుని, విచారణ జరిపించి, జరిగింది అన్యాయమని తేల్చాడు. రాణిని తిరిగి కూర్చోబెట్టలేకపోయాడు గానీ విలీనాన్ని మాత్రం ఆపాడు. ఒక మనిషి వద్దనడంతో ఒక సామ్రాజ్యం గుమ్మంలోనే నిలబడిపోయింది. మార్కెట్లు, బొగ్గు రేవులు, చరిత్ర గమనం అంటూ పెద్ద మాటలు చెప్పేవాళ్లు ఈ నాలుగైదేళ్లను చప్పున దాటేస్తారు. చివరికి అధ్యక్షుడైన మెకిన్లీ హయాంలోనే, 1898 జులైలో, స్పెయిన్‌తో యుద్ధం వేడిలో హవాయి విలీనం జరిగింది. ఒప్పందానికి సెనేటులో కావలసిన మూడింట రెండొంతులు దొరకవన్న భయంతో మామూలు మెజారిటీ సరిపోయే ఉమ్మడి తీర్మానంతో కానిచ్చేశారు.

క్యూబా కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. స్పెయిన్ మీద తిరగబడ్డ క్యూబన్లను జనరల్ వేలర్ ముళ్లకంచెల ఊళ్లలోకి తోలి ఆకలితో చంపుతున్నాడని అమెరికా పత్రికలు హోరెత్తించాయి. అబద్ధం కాదు, అతిశయోక్తి మాత్రం చాలా ఉంది. 1898 ఫిబ్రవరి 15న హవానా రేవులో 'మెయిన్' యుద్ధనౌక పేలి 260 మందికి పైగా చనిపోయారు. నేరం స్పెయిన్‌దేనని పత్రికలు తీర్పు చెప్పేశాయి. పేలుడు ఓడ లోపలే, బహుశా బొగ్గు గది నిప్పు వల్ల జరిగి ఉంటుందని 1976లో అడ్మిరల్ రికోవర్ బృందం తేల్చింది. ఆలస్యంగా వచ్చిన నిజాలకు యుద్ధాలను వెనక్కి తిప్పే శక్తి ఉండదు. యుద్ధానికి దిగేముందు క్యూబాను కలుపుకోబోమని కాంగ్రెసు టెల్లర్ సవరణతో మాటిచ్చింది. ఆ మాటలో ఫిలిప్పీన్స్ ఊసు లేదు.

ఊసు లేకపోయినా పని మొదలైపోయింది. ఫిబ్రవరి 25న నౌకాదళ మంత్రి జాన్ లాంగ్ ఒక పూట సెలవు తీసుకున్నాడు. కుర్చీలో మిగిలిన సహాయ మంత్రి థియోడర్ రూజ్‌వెల్ట్, హాంకాంగ్‌లో ఉన్న అమెరికా నౌకాదళపతి డ్యూయీకి తంతి కొట్టాడు: బొగ్గు నింపుకో, యుద్ధం వస్తే ఫిలిప్పీన్స్ మీద పడు అని. యుద్ధ పథకం అంతకుముందే కాగితాల మీద ఉంది కాబట్టి ఆ తంతిని కుర్రచేష్ట అనుకోనక్కర లేదు. మంత్రి తిరిగొచ్చి విసుక్కున్నాడు గానీ ఆ ఆదేశాన్ని రద్దు చేయలేదు. మే 1న డ్యూయీ మనీలా అఖాతంలో స్పెయిన్ నౌకలను కొన్ని గంటల్లో ముంచేశాడు.

ప్రవాసంలో ఉన్న ఫిలిప్పీన్ తిరుగుబాటు నాయకుడు అగినాల్డోను అమెరికా ఓడే వెనక్కి తీసుకొచ్చింది. జూన్ 12న ఆయన స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఆయన సైన్యం మనీలాను చుట్టుముట్టి కూర్చుంది. ఆగస్టు 13న స్పెయిన్, అమెరికా కూడబలుక్కుని ఉత్తుత్తి యుద్ధం నడిపి నగరాన్ని చేతులు మార్చుకున్నాయి, ఫిలిప్పీనోలను మాత్రం గోడ బయటే ఉంచారు. డిసెంబరు 10న పారిస్‌లో, ఒక్క ఫిలిప్పీనో కూడా లేని బల్ల దగ్గర, రెండు కోట్ల డాలర్లకు ఆ దీవులు అమ్ముడుపోయాయి. తన చేతిలోంచి అప్పటికే చాలావరకు జారిపోయిన దేశాన్ని స్పెయిన్ అమ్మింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాం, ఇక్కడ అల్లుడు ధర కూడా పుచ్చుకున్నాడు. 1899 ఫిబ్రవరి 4 రాత్రి మనీలా శివార్లలో కాల్పులు మొదలయ్యాయి. రెండు రోజుల తర్వాత సెనేటు 57-27తో, కావలసినదానికన్నా ఒక్క ఓటు ఎక్కువతో, ఒప్పందాన్ని ఆమోదించింది.

తర్వాతి మూడేళ్లలో దాదాపు 4,200 మంది అమెరికన్లు, సుమారు 20,000 మంది ఫిలిప్పీనో యోధులు చనిపోయారు. హింసకు, కరవుకు, కలరాకు బలైన సామాన్యులు రెండు లక్షల దాకా ఉంటారని అంచనా. బతంగాస్‌లో జనరల్ బెల్ గ్రామస్థులను కాపలా శిబిరాల్లోకి తోలాడు. వేలర్ చేశాడని ఏ పనిని చూపి అమెరికా యుద్ధానికి వెళ్లిందో, అచ్చంగా అదే పని.

ఇక అసలు మలుపు. దీన్ని సృష్టించింది సైన్యం కాదు, సుప్రీంకోర్టు. అదే యుద్ధంలో స్పెయిన్ నుంచి అమెరికా చేతికొచ్చిన ప్యూర్టోరికో దీవి నుంచి వచ్చిన నారింజ పండ్ల మీద సుంకం వెయ్యవచ్చా లేదా అన్న వ్యాజ్యంలో 1901లో 5-4 తీర్పు వచ్చింది. జస్టిస్ వైట్ అందులో ఒక విచిత్రమైన సూత్రం రాశాడు: ప్యూర్టోరికో అంతర్జాతీయ అర్థంలో విదేశం కాదు, కానీ దేశీయ అర్థంలో అమెరికాకు విదేశమే. నేల మనదే, మనుషులు మాత్రం మనవాళ్లు కానక్కర లేదు. 1787 నాటి కట్టుబాటు అలా తెగిపోయింది.

ఈ సూత్రం ఎవరికి తీపి కబురో చూడండి. ఫిలిప్పీన్స్ విలీనాన్ని వ్యతిరేకించిన సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘంలో మార్క్ ట్వేన్, తత్త్వవేత్త విలియం జేమ్స్, ఉక్కు దొర కార్నెగీ, కార్మిక నేత గాంపర్స్, పైన చెప్పిన క్లీవ్‌లాండ్ ఉన్నారు. చాలామంది ఉద్దేశాలు గొప్పవే. కానీ సంఘం లోపలా బయటా ఆ శిబిరంలోనే మరో గొంతు ఉండేది: ఈ నల్ల, గోధుమ రంగు మనుషులు మన పౌరులైపోతారు, అందుకని దీవులు వద్దు అని. సౌత్ కరొలినా సెనేటర్ టిల్‌మన్ వంటివారిది ఆ గొంతే. కోర్టు ఇద్దరి గొడవా తీర్చేసింది. నేల కావాలన్నవారికి నేల దక్కింది, మనుషులు వద్దన్నవారికి మనుషుల బెడద తప్పింది.

పైగా ఆ సూత్రం కొత్తదా? 1831లో చెరోకీల వ్యాజ్యంలో చీఫ్ జస్టిస్ మార్షల్, ఆదివాసులు విదేశీయులూ కారు, దేశంలో భాగమూ కారు, 'దేశీయ పరాధీన జాతులు' అన్నాడు. సంరక్షకుడికి మైనరు ఎలాగో అమెరికాకు వాళ్లు అలాగట. ఆ మాటకీ 1901 మాటకీ మధ్య 70 ఏళ్ల దూరం ఉంది, తేడా మాత్రం కొంచెమే. అందుకే 1898ని ఏకాంతం నుంచి సామ్రాజ్యానికి దూకడంగా చూడలేకపోతున్నాను. ఖండం లోపల ఆదివాసుల మీద నేర్చిన పనిని ఓడెక్కించి తీసుకెళ్లారు. ఫిలిప్పీన్స్‌లో సేనలు నడిపిన జనరళ్లలో అత్యధికులు ఆదివాసుల మీద యుద్ధాల్లో ఆరితేరినవాళ్లే కావడం కాకతాళీయం కాదు.

బడులు కట్టారు కదా, ఆఖరికి స్వాతంత్ర్యం ఇచ్చారు కదా అనేవాళ్లున్నారు. తెల్లవాళ్లు రైళ్లు వేశారు కదా అనే మాట విని పెరిగిన మనకు ఈ వాదన రుచి కొత్తేమీ కాదు. బడుల మేలు నిజమే, దావావోలో మన పిల్లలు అనుభవిస్తున్నదీ అదే. స్వాతంత్ర్యం సంగతి వేరు. 1934లో పదేళ్ల గడువుతో దారి చూపిన చట్టం వెనక ఫిలిప్పీన్ చక్కెర, కొబ్బరినూనె పోటీ తట్టుకోలేని అమెరికా రైతు వర్గాల ఒత్తిడి బలంగా ఉంది. అదే చట్టం ఫిలిప్పీనోల వలసను ఏడాదికి 50 మందికి కుదించింది. 1946 జులై 4న జెండా దిగింది, క్లార్క్, సుబిక్ అమెరికా సైనిక స్థావరాలు 1990ల దాకా దిగలేదు.

2025 జనవరిలో ట్రంప్ తన ప్రమాణ స్వీకార ప్రసంగంలో మెకిన్లీని సుంకాలతో దేశాన్ని సంపన్నం చేసినవాడిగా పొగిడి, అదే ప్రసంగంలో పనామా కాలువను వెనక్కి తీసుకుంటామన్నాడు. గ్రీన్‌లాండ్ మాట అప్పటికే నడుస్తోంది. ఏకాంతవాదిగా పేరుపడ్డ నాయకుడికి ఈ ఆకలేమిటని వ్యాఖ్యాతలు ఆశ్చర్యపోయారు. కిటికీ బిగించడం, తలుపు తెరవడం ఆ ఇంట్లో ఎప్పుడూ జంటగానే నడిచాయి.

1901 సూత్రాన్ని ఎవరూ కొట్టివేయలేదు. 2022లో ప్యూర్టోరికో వాసుల సంక్షేమ భత్యాల కేసులో తీర్పు ప్రభుత్వం వైపే వచ్చింది. ఆ తీర్పుతో ఏకీభవిస్తూనే జస్టిస్ గోర్సచ్, ఆ పాత తీర్పుల పునాది జాతి వివక్షేనని, వాటికి చోటుండకూడదని రాశాడు. 1900లో అమెరికా చేతికొచ్చిన సమోవా దీవుల్లో పుట్టినవారికి ఈనాటికీ పుట్టుకతో పౌరసత్వం రాదు. వాళ్ల చేతిలో ఉండేది అమెరికా పాస్‌పోర్టే, అందులో మాత్రం ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది: ఇది కలిగినవారు అమెరికా జాతీయులు, అమెరికా పౌరులు కారు.