రెండేళ్ళకని వచ్చిన ఆస్టరిటీ ఇంజన్ గారికి

అయ్యా ఆస్టరిటీ ఇంజన్ గారూ,

నమస్కారం. నిన్న మధ్యాహ్నం ప్లాట్‌ఫాం చివర బెంచీ దగ్గర, చేతిలో చల్లారిపోయిన చిప్స్ పొట్లం, భుజమ్మీద ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన నాలుగేళ్ళ పిల్లాడు, ఒకడు మిమ్మల్నే గుడ్లురిమి చూస్తూ నిలబడ్డాడు చూశారా, అది నేనే. మీరు గమనించి ఉండరు లెండి, మీ బాధలో మీరున్నారు.

మీరు లాగే పాతకాలపు ఆవిరి బండి ఎక్కడానికని రెండు నెలల ముందు కొన్న టికెట్లండీ అవి. మావాడు వారం నుంచీ ఇంట్లో కుర్చీలన్నీ వరసగా పేర్చి కూ చుక్ చుక్ అంటూ మా ఆవిడ ప్రాణం తీశాడు, ఆవిడ పొద్దున్నే లేచి పులిహోర కలిపింది, గంటన్నర డ్రైవింగ్, పైన వాన. తమరేమో పదకొండున్నర బండికి పదకొండుంపావుకి మొండికేశారు. బాయిలర్ లోపలికి నీళ్ళు పోవట్లేదట. వాటిని లోపలికి తోసే ఇంజెక్టర్ పట్టట్లేదట. నేను దగ్గరికెళ్ళి చూశా కూడా, డ్రైవర్ వాల్వ్ తిప్పడం, అది సుయ్యిమని ఓ రాగం తీయడం, ఆ తర్వాత కింద పైపులోంచి నీళ్ళన్నీ పట్టాల మీదికి కారిపోవడం. మళ్ళీ తిప్పడం, మళ్ళీ కారడం. ఓ అరగంట ఇదే. స్పానర్ పెట్టి టంగు టంగుమని రెండు తగిలించాడు, అయినా చలనం లేదు. బిట్రగుంట షెడ్‌లో ఫైర్‌మన్‌గా చేసిన మా తాత ఉండుంటే స్పానర్‌తో పాటు నాలుగు తిట్లు కూడా తగిలించేవాడు, అప్పుడు దారికొచ్చేవారేమో. చివరికి బాయిలర్‌లో నీళ్ళు తగ్గితే ప్రమాదం అని నిప్పు లాగేశారు. మీ ప్లేసులో పసుపు చారల డీజిల్ వచ్చింది. మావాడు దాన్ని చూసి "ఇది ట్రైన్ కాదు నాన్నా" అన్నాడు. అక్కడ మొదలైన ఏడుపు.

సరే, మిషన్ అన్నాక చెడిపోతుంది, దానికి నేనేం లెటర్ రాయను. నా కడుపుమంట వేరే.

అక్కడ నూనె మరకల కోటు వేసుకున్న వాలంటీర్ తాతగారు ఒకాయన నన్ను ఓదార్చడానికని మీ చరిత్ర ఎత్తుకున్నాడు. మీరు యుద్ధం కోసం పుట్టారట, 1943 జనవరిలో మొదటిసారి ఆవిరి పట్టారట, ఇక్కడే, మా లీడ్స్‌లోనే, హన్స్‌లెట్ కంపెనీలో. ఆ హన్స్‌లెట్ మీంచే రోజూ ఆఫీసుకి పోతాను, ఇన్నేళ్ళలో నాకు తెలీదు. ముందు సైన్యం వాళ్ళు వేరే డిజైన్ అనుకుంటే, అంతకన్నా తేలిగ్గా చేసిస్తాం మా దగ్గర ఒకటుంది అని హన్స్‌లెట్ వాళ్ళే ఒప్పించారట. ఆస్టరిటీ అంటే పొదుపు, పేరే పొదుపు కాబట్టి సోకుల్లేవు, వీపు మీద జీనులాగా నీళ్ళ ట్యాంకు, కింద ఆరు చక్రాలు, 48 టన్నుల బరువు, చదును మీద వెయ్యి టన్నుల బండిని కదిలించాలి, అంతే. ఇంతా చెప్పి తాతగారు ఓ నవ్వు నవ్వి అన్నాడూ, "రెండేళ్ళు గట్టిగా పనిచేస్తే చాలనే లెక్కలో చేశారు బాబూ వీటిని."

రెండేళ్ళు!

ఇదిగో ఇక్కడ నాకు కాలింది. ఎందుకంటే అయ్యా, ఈ దేశానికి నేనొచ్చిందీ రెండేళ్ళకే. డిప్యుటేషన్. ఎయిర్‌పోర్ట్‌లో మా అమ్మ చెయ్యి పట్టుకుని "రెండేళ్ళేగా అమ్మా, ఇట్టే అయిపోతాయి" అన్నా. ఇప్పుడు పద్నాలుగో ఏడు నడుస్తోంది. ఇప్పటికీ ఆదివారం ఫోన్ చేస్తే ఆవిడ "రెండేళ్ళు అయ్యాయా నాయనా" అంటుంది, వెటకారం కూడా కాదు, మామూలుగా అడుగుతుంది, అదే ఇంకా మంట.

నా సంగతి వదిలేయండి, మీ లెక్క చూద్దాం. యుద్ధంలో మీవాళ్ళు 377 మంది చేరారు. యుద్ధం అయిపోయింది. మర్యాదస్తులెవరైనా ఏం చేస్తారు, పెట్టె సర్దుకుని స్క్రాప్‌కి పోతారు. 1946లో ఎల్‌ఎన్‌ఈఆర్ అనే రైల్వే వచ్చి సర్‌ప్లస్‌లోంచి 75 మందిని తీసుకుని జె94 అని క్లాసు రాసేసింది. అంటే ఏంటి, రెగ్యులరైజ్ చేసేసింది! మా ఊళ్ళో కాంట్రాక్ట్ లెక్చరర్లు పదేళ్ళు టెంట్లేసుకుని కూర్చున్నా కదలని ఫైలు, మీకు పట్టాల మీద నిలబడి ఉండగానే కదిలింది. హాలండ్ రైల్వే వాళ్ళు ఇంకో 27 మందిని ఉంచేసుకున్నారు. మీ అమెరికా దాయాదులు కూడా తక్కువేం తినలేదు, వాళ్ళూ యుద్ధం మిగులే, పొట్టి వీల్‌బేస్ కాబట్టి డాకుల్లో వంకర పట్టాల మీద ఒదుగుతారని సౌతాంప్టన్‌లో 14 మందిని పనికి పెట్టారు, యుగోస్లావియా వాళ్ళైతే వాళ్ళ దగ్గర మిగిలిపోయినవి తెగ నచ్చేసి అచ్చం అలాంటివే సొంతంగా కూడా చేసుకున్నారు.

మిగతా మీవాళ్ళలో చాలామందిని బొగ్గు గనులు తీసుకున్నాయి. అక్కడ మీది ఇల్లరికం అల్లుడి వైభోగం కదండీ, పుట్టింది లీడ్స్‌లో, తినేది మామగారి బొగ్గు, చేసేది మామగారి బొగ్గు వ్యాగన్లని గని దగ్గర్నుంచి మెయిన్ లైన్ దాకా తోసి రావడం. 1947 జనవరి 1న గనులన్నీ గవర్నమెంటువి అయిపోయాయి, కొత్త మేనేజ్‌మెంట్ వచ్చింది కదా అల్లుణ్ణి బయటికి పంపిస్తుందనుకుంటే, అబ్బే, ఇలాంటి అల్లుళ్ళే ఇంకొందరు కావాలని కొత్తగా ఆర్డర్లు పెట్టింది! యుద్ధం అయ్యాక 19 ఏళ్ళకి, 1964లో కూడా హన్స్‌లెట్ నుంచి మీ డిజైన్ ఇంజన్లు కొత్తవి బయటికొచ్చాయి. మొత్తం 485. పొగ ఎక్కువైందని ఎవరో గోల చేస్తే, బుద్ధిగా రిటైరవ్వడం మానేసి, మీలో కొందరు కిందనుంచి బొగ్గు ఎక్కించే మిషన్ పెట్టించుకుని పొగ తగ్గించుకున్నారు. 1968 ఆగస్టులో ఈ దేశం మెయిన్ లైన్ మీద ఆవిరి బళ్ళకి దండేసి దణ్ణం పెట్టేసింది. మీవాళ్ళు అప్పుడు ఏ గనిలోనో మూల నుంచుని, మాకేం నోటీసు రాలేదే అన్నట్టు వ్యాగన్లు తోస్తూనే ఉన్నారు, ఇంకో పదేళ్ళ పైనే తోశారు.

తెలివి చూడండి, ఎక్స్‌ప్రెస్ బళ్ళు లాగి పేపర్లో ఫోటోలు పడ్డ పెద్ద పెద్ద రాజా ఇంజన్లు చాలావరకు ముక్కలై కొలిమికి పోతే, ఎవరి కంటా పడకుండా పెరట్లో పనిచేసుకున్న మీరు మాత్రం మిగిలారు, ఇప్పటికీ డెబ్బై దాకా ఉన్నారట. ఆఫీసులో కూడా అంతే, ప్రెజెంటేషన్లు ఇచ్చినవాళ్ళంతా లేఆఫ్‌లో పోయారు, ఎవరికీ అర్థం కాని పాత సిస్టం చూసుకునే నేను ఉన్నా.

కానీ ఇది న్యాయమేనా అసలు? రెండేళ్ళంటే రెండేళ్ళు ఉండాలి. ఎవడో ఒకడు మాట మీద నిలబడాలి కదా! పోనీ ఉండిపోయావు, ఉన్నవాడివి సరిగ్గా ఉండు. ఎనభయ్యేళ్ళు దాటినా పని మానవు, పని చెయ్యమంటే చెయ్యవు, గిఫ్ట్ షాపులో నీ బొమ్మ పద్దెనిమిది పౌండ్లు, పైగా పిల్లల కార్టూన్‌లో థామస్ ఇంజన్‌లాగా ఒళ్ళంతా నీలం రంగు పూయించుకుని ముందు గుండ్రంగా బుగ్గల మొహం ఒకటి తగిలించుకుని కళ్ళు తిప్పుతావు! సిగ్గుండక్కర్లా? సైన్యంలో చేసినవాడివి, గనుల్లో చేసినవాడివి, ఈ వయసులో పిల్లల బర్త్‌డేలకి వేషం కడుతున్నావు. తిండి పెట్టేది అదే అంటావా, నిజమేలే, అడగడానికి నేనెవణ్ణి.

తిరిగెళ్ళేటప్పుడు షెడ్ పక్కనుంచే పోవాల్సొచ్చింది. ఆ మొహం తీసి గోడకి ఆనించారు. నీ అసలు మొహం నల్లగా, మసిగా, మూత గొళ్ళేలు ఊడిపోయి, వానలో ఇంకా వెచ్చగానే ఉంది, ఆవిరి లేస్తోంది. మావాడు లేచి, "నాన్నా, వీడికి జ్వరమా?" అని చెయ్యి పెట్టబోయాడు. కాలుతుందిరా అని వెనక్కి లాగా. దూరం నుంచే చెయ్యూపాడు. కారెక్కాక గంటన్నరా నీ గురించే. డీజిల్ మాట ఒక్కసారి కూడా ఎత్తలా.

డబ్బులు వెనక్కివ్వరట, వోచర్ ఇచ్చారు, ఏడాది లోపల వాడుకోవాలి. ఆగస్టు మూడో శనివారానికి పెట్టాను, పదకొండున్నర బండే. రెండు ఇంజెక్టర్లూ విప్పి శుభ్రంగా తుడిపించుకో. మా అమ్మ కూడా వస్తోంది, విజిటర్ వీసా, ఆర్నెల్లకే.

ఇట్లు,
నీ పక్క వీధి డిప్యుటేషన్ వాడు