మహారాజశ్రీ ఏడో గేమ్ గారికి

మహారాజశ్రీ ఏడో గేమ్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇక్కడ కుశలం లేదు. తమరు మాత్రం బోస్టన్‌లో చల్లగానే ఉండి ఉంటారు. ఐస్ హాకీ సిరీస్‌లో ఆరు గేమ్‌లు చెరి మూడయితే తేల్చేది తమరే. మా టొరంటో లీఫ్స్ జట్టుకీ బోస్టన్ జట్టుకీ పడితే ఎప్పుడూ అక్కడే కదా మకాం. 2013, 2018, 2019, ఇప్పుడు 2024. అదే ఊరు, అదే ఐసు, అవే పసుపు నలుపు జెర్సీలు. ఓడింది మాత్రం ప్రతిసారీ మేమే.

అసలు తమర్ని పిలిచిందెవరండీ? సిరీస్‌లో బోస్టన్ 3-1తో ముందుకెళ్ళిన రోజే టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో మేము లీఫ్స్ మీద ఆశ వదిలేసుకున్నాం. మా ఆవిడ నా జెర్సీని చలికోట్లతో పాటు పెట్టెలో పెట్టేసింది. ఒంట్లో బాగోక మా స్టార్ ఆటగాడు మాథ్యూస్ కూడా లేడు. అయినా ఐదోది ఓవర్‌టైమ్‌లో నెగ్గారు. ఆరోది మా నైలాండర్ రెండు గోల్స్ కొట్టి నెగ్గించాడు. జెర్సీ మళ్ళీ బయటికొచ్చింది. పాడె మీదున్నవాణ్ని లేపి, కాఫీ ఇచ్చి, కుశలం అడిగి, మళ్ళీ చంపడం తమకే చెల్లింది.

శనివారం రాత్రి సంగతికొస్తాను. రెండు పీరియడ్లు సున్నా-సున్నా. మూడో దాంట్లో తొమ్మిదో నిమిషం దాటగానే నైలాండర్ కొట్టాడు. సోఫా మీంచి ఎగిరి, బోస్టన్‌లో ఉన్న మా బావమరిదికి వీడియో కాల్ చేశాను. ఎత్తలేదు. ఏ మొహంతో ఎత్తుతాడులే అని నవ్వుకుంటూ వంటింట్లోకెళ్ళి, బజ్జీలకి నూనె పెట్టి, శనగపిండిలో వాము వేస్తున్నాను. నూనె కాగనే లేదు, టీవీలో కేకలు. బోస్టన్ లిండ్‌హోమ్ సమం చేసేశాడు. ఒక నిమిషం ఇరవయ్యొక్క సెకన్లు! మ్యాగీకైనా రెండు నిమిషాలు కావాలి కదండీ. పిండి చేతుల్తో నిలబడి ఉంటే ఫోన్ మోగింది.

"బావా, ఇందాక కాల్ చేసినట్టున్నావ్?"

ఆ మాటకి జవాబు ఇప్పటికీ తట్టలేదు. ఓవర్‌టైమ్‌లో ముందు గోల్ కొట్టినవాళ్ళదే గెలుపు. అదైతే ఒక నిమిషం యాభై నాలుగు సెకన్లు. వాళ్ళ పాస్టర్నాక్ వచ్చాడు, కొట్టాడు, అయిపోయింది. అక్టోబర్ నుంచి రాత్రుళ్ళు మేలుకుని చూసిందంతా ఆ ముక్కకి.

పవర్‌ప్లే ఊసెత్తను. అవతల ఒక మనిషి తక్కువున్నప్పుడు, సిరీస్ మొత్తంలో 21 అవకాశాలకి ఒక్క గోల్. 1967 తర్వాత కప్పే లేదని అందరూ దెప్పేదే, అదీ వదిలేద్దాం.

కానీ 2013 వదలను. నేనీ దేశం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిందొక్కటే తెలుసు. ఆఫీసులో బలవంతపెడితే చూశాను. పదకొండు నిమిషాలుండగా మాది 4-1. ఇంత తేలికా అనుకున్నాను. 51 సెకన్లు మిగిలుండగా బోస్టన్ బెర్జెరాన్ సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లోనూ వాడే కొట్టాడు. ఆ రాత్రి ఛానల్ మార్చి క్రికెట్ పెట్టుకుని ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

ఏలినాటి శనికైనా ఏడున్నరేళ్ళే గడువు. కాస్త తైలాభిషేకం చేయిస్తే దయ తలుస్తాడు. నువ్వు పదకొండేళ్ళుగా పట్టుకుని కూర్చున్నావు. అవును, నిన్నే అంటున్నా, ఇంక తమరూ గిమరూ ఏం లేదు. గెలిపించకపోతే మానె, ఆ నైలాండర్ గోల్ ఎందుకు కొట్టనిచ్చావ్? 3-1 దగ్గరే మా ఏడుపు మేము ఏడ్చి పడుకునేవాళ్ళం కదా! తెలుగులో ఏడు అంటే అంకె ఒక్కటే కాదని నీకెవరు చెప్పారు?

మావాడికి ఆరేళ్ళు. మొదటి పీరియడ్‌కే జెర్సీతో నిద్రపోయాడు. పొద్దున్నే లేచి, ఓడిపోయామంటే కాసేపు ఆలోచించాడు.

"అయితే ఎనిమిదో గేమ్ ఎప్పుడు నాన్నా?"

వాడికి నువ్వే చెప్పు.

ఇట్లు,
ఫ్రిజ్‌లో గిన్నెడు బజ్జీల పిండితో,
బ్రాంప్టన్ నుంచి ఒక అభాగ్యుడు