అక్షరాలు మాయమైన ఇంటర్వ్యూ

1994లో అమెరికా సంగీత పత్రిక ‘రే గన్’ గాయకుడు బ్రయన్ ఫెర్రీ ఇంటర్వ్యూ వేసింది. రాక్సీ మ్యూజిక్ బృందంతో పేరు తెచ్చుకున్న ఆయనకి అభిమానులు తక్కువేం కాదు. కానీ ఆ పేజీల్లో ఒక్క ముక్క కూడా చదవడానికి లేదు. ఆర్ట్ డైరెక్టర్ డేవిడ్ కార్సన్‌కి ఇంటర్వ్యూ బోరు కొట్టింది. దాంతో మొత్తం మేటర్‌ని జాఫ్ డింగ్‌బ్యాట్స్ అనే గుర్తుల ఫాంట్‌లో పెట్టేశాడు. డిజైన్ విద్యార్థులకు ఇప్పటికీ ఇదో వీరగాథ.

అసలు చేసిన పని చూస్తే చాలా చిన్నది. మేటర్ ఎక్కడికీ పోలేదు, ఫాంట్ మారిందంతే. ఇంగ్లీషు ‘ఎన్’ ఉన్నచోట నల్ల చతురస్రం, ‘టీ’ ఉన్నచోట తలకిందులైన త్రిభుజం, ‘ఈ’ బదులు మంచుపువ్వు. ఓపికుంటే ఒక్కో గుర్తూ విప్పుకుంటూ చదవొచ్చు కూడా. తెలుగు డీటీపీ వాళ్లకి ఇది రోజూ ఉండే తలనొప్పే: అను ఫాంట్స్‌లో కొట్టిన ఫైల్‌ని ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే కనబడే గందరగోళమే ఇది. మనం తిట్టుకుంటూ సరిచేసేదాన్ని కార్సన్ కావాలని అచ్చు వేయించాడు.

ఈ కథ చెప్పేవాళ్లు తరచూ వదిలేసే సంగతి ఒకటుంది. అదే సంచిక చివర్లో ఇంటర్వ్యూ పూర్తి పాఠాన్ని మామూలు అక్షరాల్లో మళ్లీ వేశారు. అంటే తిరుగుబాటు ముందు పేజీల్లో, జాగ్రత్త వెనక పేజీల్లో. పాఠకుడి డబ్బుకి న్యాయం చేసింది ఆ వెనక పేజీలే అంటాను. అవి లేకపోతే ఇది పెంకితనం తప్ప మరేం కాదు.

కార్సన్ ప్రతిభ మీద నాకు అనుమానం లేదు. సర్ఫింగ్ చేస్తూ, బడిలో సోషియాలజీ చెప్పిన మనిషి డిజైన్‌లోకి ఆలస్యంగా వచ్చాడు కాబట్టే పేజీని పొందిగ్గా అమర్చే గళ్ల చట్రం ‘గ్రిడ్’ అంటే భయం లేదు. ‘రే గన్’లో ఆయన చేసిన మిగతా పేజీల్లో కాలమ్‌లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేవి, హెడ్డింగులు తెగిపోయేవి. గ్రంజ్ అనే మోటు రాక్ సంగీతం హోరెత్తుతున్న రోజులవి. గిటార్ రొద కాగితం మీదికి దిగినట్టుండేది. కళ్లు చికిలించి చదవాల్సి వచ్చినా మాట చివరికి దొరికేది. ఆ కష్టానికో అర్థం ఉంది. ఫెర్రీ పేజీలో అదీ లేదు, పైగా ఆయన పాట ఆ హోరుకి ఆమడ దూరం. సూటు వేసుకుని, గొంతు తగ్గించి పాడే మనిషి. గుర్తుల గుంపు ఆయన గురించి ఏమీ చెప్పదు, కార్సన్‌కి విసుగొచ్చిందని తప్ప.

మేటర్ బాగోలేదని తేల్చాల్సింది ఎడిటోరియల్ డెస్క్. బాగోకపోతే కోసెయ్యాలి, తిరగరాయించాలి, లేదా పక్కన పెట్టాలి. ఇక్కడ తీర్పు లేఅవుట్ బల్ల మీద జరిగింది. టైమిచ్చి మాట్లాడిన గాయకుడు, కూర్చుని రాసిన విలేఖరి ఇద్దరూ ఆ జోక్‌కి ముడిసరుకైపోయారు. ఆ డెస్కులో నేనుంటే ఇంటర్వ్యూలో పనికొచ్చే నాలుగు జవాబులు ఉంచి, మిగిలిన చోటంతా ఫెర్రీ ఫొటోకి ఇచ్చేసేవాణ్ణి. ఫొటోని ఎడాపెడా కత్తిరించి పేజీకి ప్రాణం పోయడంలో కార్సన్ చెయ్యి ఎలాగూ తిరిగిందే.